తొట్లకొండ గడ్డినేల: ఓషధులు ప్రాణము దాచుకొను తావులు

విశాఖపట్టణము నుండి భీమునిపట్టణమునకు సముద్రపుటొడ్డు వెంట పోవు మార్గమున సుమారు 15 కిలోమీటర్లు సాగిన పిమ్మట, మంగమారిపేట దగ్గర ఎడమవైపున ఒక కొండ కనబడును. ఎత్తు సముద్రమట్టమునకు 128 మీటర్లు. పైభాగమున రాతిలో తొలిచిన నీటితొట్లు ఉండుటచే దానికి తొట్లకొండ యని పేరు వచ్చినది. 1976లో నౌకాదళమువారు ఈ ప్రాంతమును ఆకాశమునుండి పరిశీలించినప్పుడు పైనున్న శిథిలములు బయటపడినవి. 1988 నుండి 1993 వరకు రాష్ట్ర పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరిపి మహాస్తూపమును, విహారములను, సభామండపమును, భోజనశాలను వెలికితీసిరి. శాతవాహనుల నాణెములతోపాటు రోమను వెండి నాణెములును దొరకినవి. రెండువేల సంవత్సరముల క్రిందట ఇచట బౌద్ధభిక్షువులు వసించిరి. ఈ సంగతులు చరిత్ర పుస్తకములలో నున్నవే. నేను వ్రాయబోవునది ఆ ఇటుకల చుట్టును అల్లుకొనియున్న గడ్డినేలను గూర్చి.

ఈ వ్యాసమునకు కారణము నా తప్పే. కొన్ని సంవత్సరముల క్రిందట విష్ణుక్రాంతమును గూర్చి ఒక పత్రికకు వ్రాయుచు, ఉత్సాహముకొద్ది 'ఇది తొట్లకొండ దారిలో విరివిగా దొరకును' అని ఒక వాక్యము చేర్చితిని. నెల తిరుగకమునుపే ఇద్దరు పాఠకులు మా వైద్యశాలకు వచ్చిరి. మొదటివారు గోనెసంచి నిండ వేళ్లతోసహా పెరికిన విష్ణుక్రాంతమును మోసికొని వచ్చి, తైలము కాచి ఇమ్మనిరి. వారికి కావలసినది గుప్పెడు. తెచ్చినది ఒక వాలులోని మొక్కలన్నియు. రెండవవారు తెచ్చినది విష్ణుక్రాంతమే కాదు, కంచెల మీద ప్రాకు దింటెన తీగ. ఆయన సంస్కృత నిఘంటువు చూచి మరీ కోసితిననిరి. అందులోను ఆయన తప్పు లేదు. భావప్రకాశాది గ్రంథములలో విష్ణుక్రాంతా శబ్దము అపరాజితకు, అనగా దింటెనకు, పర్యాయపదముగా నున్నది. మన తెలుగుదేశమున ఆ పేరు నేలపై ప్రాకి చిన్న నీలిపువ్వులు పూయు వేరొక మొక్కకు రూఢి. దింటెన వేరును గింజలును తీవ్రముగా విరేచనములు కలిగించును. బలహీనులకు ఇచ్చియుండిన ఏమి జరిగెడిదో తలచుకొన్న ఇప్పటికిని భయము కలుగును.

మరుసటి శ్రావణమున కొండకు పోయి చూచితిని. ఆ దారి ప్రక్కన నీలిచుక్కలు లేవు. ఎఱ్ఱమన్ను గీకినట్లు బయటపడి, వాననీటికి చిన్న చిన్న గాళ్లు పడియున్నది. ఏ మొక్కను ఎప్పుడు, ఎంతవరకు ముట్టుకొనవచ్చునో చెప్పకుండ అది దొరకుచోటు మాత్రము చెప్పుట వైద్యుడు చేయరాని పని. ఆ చెప్పవలసినది ఇప్పుడు చెప్పుచున్నాను.

గురువుగారి తాడు

గురుకులమున మా గురువుగారు పుస్తకము చేతికీయకముందు నాలుగు మేకులు, పదునాఱు మూరల తాడు చేతికిచ్చిరి. కొండవాలున గడ్డిలో నాలుగు మూరల చదరము కట్టి, మాసమున కొకమారు చొప్పున పన్నెండు మాసములు ఆ చదరమునే చూచి రావలెను. దేనిని పెరుకరాదు. పేరు తెలియకున్న అడుగరాదు. ఆకు ఎట్లున్నది, కాడ ఎట్లున్నది, మొదలు నేలలోనికి ఎట్లు దిగినది, ఇంతమాత్రమే చెప్పవలెను. వర్షకాలమున చదరము నిండ పచ్చదనమే. మార్గశిరమునకు సగము మాయమైనది. చైత్రమునకు ఎండుగడ్డి తప్ప ఏమియు లేదని విన్నవించితిమి. "చచ్చినదో, నిదురించుచున్నదో చూచి రండి" అని మరల పంపిరి.

వైశాఖమున పోయి చూడగా, మాడిపోయిన ఆ నేలలోనుండి ఆకు ఒక్కటియు లేకుండ ఒక పూలకాడ నిట్టనిలువుగా లేచియున్నది. అడవి ఉల్లి. దానినే నక్కవుల్లి యందురు. మేము చచ్చినదని చెప్పిన చోట దాని గడ్డ జేనెడు లోతున నిక్షేపముగా నున్నది. గురువుగారు వేఱేమియు అనలేదు.

నేటి వృక్షశాస్త్రజ్ఞులును గడ్డినేలను పరిశీలించునప్పుడు ఇట్లే చదరములు గీసి లెక్కింతురు. మా తాడు వారి పద్ధతికి దూరపు చుట్టమని తరువాత తెలిసినది.

చరకుని నాలుగు, డెన్మార్కు పండితుని ఐదు

చరకసంహిత సూత్రస్థానము మొదటి అధ్యాయమున ఔద్భిద ద్రవ్యములను నాలుగు తెగలుగా చెప్పిరి. పువ్వు కనబడకయే కాయ కాయు మఱ్ఱి, మేడి, రావి వంటివి వనస్పతులు. పూచి కాయునవి వానస్పత్యములు. ప్రాకునవి, అల్లుకొనునవి వీరుధములు. కాయ పండుటతో తామును ముగియునవి ఓషధులు. వీనికే ఫలపాకాంతములని పేరు. నేడు మనము మందుమొక్క నెల్ల ఓషధి యనుచున్నాము గాని, శాస్త్రమున ఆ మాటకు ఏడాది మొక్క యనియే అర్థము.

20వ శతాబ్ది ఆరంభమున డెన్మార్కు దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు క్రిస్టెన్ రౌన్‌కియేర్ మఱియొక ప్రశ్న వేసికొనెను. గడ్డుకాలము వచ్చినప్పుడు మొక్క తన మరుసటి చిగురును ఎక్కడ దాచుకొనును? ఆయన దేశమున గడ్డుకాలమనగా మంచు. మనకు ఫాల్గుణము మొదలు జ్యేష్ఠము వరకు కాయు ఎండ. చిగురును నేలకు 25 సెంటీమీటర్లకు పైన గాలిలోనే నిలుపుకొను చెట్లు, పొదలు మొదటి తెగ, వానిని ఫానెరోఫైట్లనిరి. నేలను అంటిపెట్టుకొని అంతకు తక్కువ ఎత్తున దాచుకొను గుబురు మొక్కలు రెండవవి, కేమిఫైట్లు. సరిగా నేలమట్టమున, ఎండుటాకుల మాటున దాచుకొనునవి హెమిక్రిప్టోఫైట్లు. మట్టిలోపల దుంపగనో గడ్డగనో దాచుకొనునవి క్రిప్టోఫైట్లు. చిగురు మాటయే లేక గింజగా మాత్రము మిగులునవి థీరోఫైట్లు. ఇవియే మన ఫలపాకాంతములు. ఈ తెగలకు జీవరూపములని పేరు.

ప్రపంచమునందలి పూలమొక్కల నన్నిటిని దృష్టిలో నుంచుకొని ఆయన ఒక సామాన్య పట్టిక వేసెను. నూటికి 46 మొదటి తెగవి, 9 రెండవవి, 26 మూడవవి, 6 నాల్గవవి, 13 ఐదవవి. ఒక ప్రదేశపు లెక్క ఈ పట్టికకు ఎటువైపు తప్పినదో చూచిన, ఆ నేల స్వభావము తెలియునని ఆయన మతము. తూర్పుతీరపు కొండలపై గడ్డినేలలలో చెట్ల వంతు పడిపోయి, నేలమట్టమున దాచుకొనునవియు, గింజలుగా మిగులునవియు పెరుగును. అనగా ఎండకును, నిప్పునకును, పశువుల పంటికిని అందని చోటులను ఎన్నుకొన్న మొక్కలే ఇచట నిలిచినవి.

దేశవిభాగమున కూడ తొట్లకొండ విచిత్రమైనది. సముద్రమునకు సమీపమైనది, కొబ్బరి, అరటి కలది ఆనూపదేశమని చరకుడు చెప్పెను. కొండ అడుగున మంగమారిపేట వైపు అట్లే యుండును. వంద మీటర్లు ఎక్కగనే ఎఱ్ఱని ఖొండలైటు రాయి, పలుచని మన్ను, వట్టిగాలి, ఆకాశమంతయు తెరపి. ఇవి జాంగలదేశ లక్షణములు. ఒకే కొండకు పాదమున ఆనూపము, శిరస్సున జాంగలము. అందుచేతనే ఇంత కొద్ది మేర భూమిలో ఇన్ని రకముల మొక్కలు ఇముడుచున్నవి.

భిక్షువుల నియమము

ఈ కొండపై వసించిన భిక్షువులకు మొక్కలతో నుండిన సంబంధము వినయపిటకమువలన తెలియును. వానకాలము మూడు మాసములు ఒకేచోట నిలుచు వర్షావాస నియమమెట్లు పుట్టినదో మహావగ్గమున చెప్పబడినది. భిక్షువులు వానలలోను సంచరించుచు పచ్చిగడ్డిని త్రొక్కుచున్నారని, ఏకేంద్రియ జీవమును హింసించుచున్నారని జనులు నిందించిరట. అప్పుడు బుద్ధభగవానుడు వానకాలమున కదలరాదని విధించెను. ఏడాది మొక్కలు మొలచి, పూచి, గింజ కట్టుట ఆ మాసములలోనేనని మీరు గుర్తుంచుకొనవలెను.

మొక్కను నాశనము చేయుట భిక్షువునకు దోషము. మొక్క యన ఏమి యని వివరించుచు వినయము ఐదు తెగలు చెప్పినది. వేరునుండి పుట్టునవి, మ్రానునుండి పుట్టునవి, కణుపునుండి పుట్టునవి, కొమ్మ కొననుండి పుట్టునవి, గింజనుండి పుట్టునవి. పసుపు, అల్లము, వస, వట్టివేరు, తుంగముస్తలు మొదటి తెగకు ఉదాహరణములు. రావి, మఱ్ఱి, మేడి రెండవదానికి. చెఱకు, వెదురు మూడవదానికి. కురువేరు మొదలగునవి నాల్గవదానికి. ధాన్యములు, పప్పులు ఐదవదానికి. రౌన్‌కియేర్ ప్రశ్నయే ఇది కూడ: మొక్క మరల ఎక్కడనుండి పుట్టును? డెన్మార్కు పండితుడు లెక్క కొఱకు అడిగెను, వినయధరులు హింస తప్పించుట కొఱకు అడిగిరి. ప్రశ్న ఒక్కటే యగుట నాకు మిక్కిలి సంతోషము కలిగించిన విషయము.

అట్లని భిక్షువులు మందు మానలేదు. రోగికి అనుమతించిన వేళ్లలో పసుపు, అల్లము, వస, అతివస, కటుకరోహిణి, వట్టివేరు, తుంగముస్త కలవు; ఆకులలో వేప, కొడిసె, చేదుపొట్ల, తులసి; ఫలములలో వాయువిడంగము, పిప్పలి, మిరియము, త్రిఫలములు. ఇవి అన్నియు నేటికిని మన అంగడులలో దొరకునవే.

చదరములో ఏమున్నవి

ఆషాఢపు తొలివానలకు ముందుగా లేచునవి ఫలపాకాంతములు. తుమ్మి, నేలఉసిరి, పల్లేరు ఇందులోనివి. కామెర్లకు నేలఉసిరి సమూలముగా వాడుట అందఱెఱిగినదే. ఇది ఎట్లును ఏడాది చివర పోవు మొక్క గనుక వేరుతో పెరికిన దోషము లేదని కొందఱందురు. సగము నిజము. రెమ్మ అడుగుభాగమున వరుసగా వ్రేలాడు చిన్నకాయలు ముదిరి పగిలిన పిమ్మట పెరికిన దోషము లేదు. లేతకాయల మీద పెరికితిమా, మరుసటి యేటి మొక్కను కూడ పెరికినట్లే. కామెర్ల మాట వచ్చినది గనుక ఒక హెచ్చరిక: కన్నులు పచ్చబడినవారు రక్తపరీక్ష చేయించుకొని కారణము తెలిసికొనక ఏ పసరును త్రాగరాదు. మలము తెల్లబడినను, రోగి మగతగా నున్నను తడవు చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

గడ్డినేలకు యజమానులు గడ్డులే. ఇండ్లు కప్పు బోద, గరిక, బట్టలకు గుచ్చుకొను ముల్లుగడ్డి, ఇవి వేసవిలో పైకి మాడినను నేలమట్టమున కణుపు పచ్చిగనే యుండును. ముల్లుగడ్డి గింజ విషయము పిల్లలకు చూపదగిన వింత. దాని తోక పొడిగాలికి మెలిపడును, తడిగాలికి విప్పుకొనును. ఆ మెలికల బలముననే గింజ తిరుగుచు తిరుగుచు తనంత తాను మంటిలోనికి దిగును. గడ్డియే గదా యని తీసివేయరాదు. సుశ్రుతుడు కుశ, కాశ, నల, దర్భ, కాండేక్షుకముల వేళ్లను తృణపంచమూలమని పేర్కొని మూత్రదోషములకు వాడవలెనని చెప్పెను.

ఈ తెగలోనిదే పునర్నవ, మన అటికమామిడి. ఎండలకు తీగ యంతయు పోయి, వానలకు అదే వేరునుండి మరల కొత్తదగును గనుక ఆ పేరు. రౌన్‌కియేర్ వాక్యమంతటిని మన పూర్వులు ఒక్క పదమున ఇమిడ్చిరి. విష్ణుక్రాంతమును చిన్న మొక్కయే యైనను మొదలు చెక్కవలె గట్టిపడి, అక్కడినుండి ఏటేట కొత్త రెమ్మలు వేయును. పై రెమ్మలు కోసిన మరల వచ్చును. మొదలు పెరికిన రాదు. మా మొదటి పాఠకుని గోనెసంచిలో నున్నవి ఆ మొదళ్లే.

వెంపలి, బల యనబడు చిరుబెండ నేలకు కొంచెము పైన చిగురు దాచుకొను గుబురులు. వీనికి కాడ కొంత మిగిల్చి కోసిన చాలును. పొదలలో తంగేడు, బంద, బలుసు, వాక, పొట్టి ఈత ఇచట పరిచితములు; ఇవి ఒకటి రెండు రెమ్మలకు లెక్కచేయవు.

మిక్కిలి జాగ్రత్త వహించవలసినవి భూమిలో దాగునవి. నేలతాడిని చూడుడు. తాటిమొలక వంటి ఆకులు, నేలనంటి పసుపుపచ్చని నక్షత్రము వంటి పువ్వు, లోపల నల్లని పొడవాటి దుంప. తాలమూలి యని వాజీకరణ యోగములలో ప్రసిద్ధి. ఆ ప్రసిద్ధియే దానికి శత్రువైనది. మందుగా వాడునదియు, ప్రాణము దాచుకొన్నదియు ఒకే దుంప యగుటచే దుంప త్రవ్విన మొక్క పోయినట్లే. దానిని పెంచి వాడవలెను గాని వెదకి వాడరాదు. శతావరి, అనగా పిల్లపీచర, విషయము కొంత మేలు. దానికి గుత్తిగా అనేక దుంపవేళ్లుండును. ప్రక్కన మట్టి తొలగించి వెలుపలి నాలుగు వేళ్లు తీసి, నడిమి మొదలును కదపక మరల మట్టి కప్పిన అది బ్రతుకును. తుంగముస్తకు మనమేమి చేసినను భయము లేదు. రైతును అడిగిన చెప్పును.

అడవినాభి కూడ ఈ తెగలోనిదే. నిప్పుమంటవలె ఎఱుపు పసుపు రేకులు పైకి తిరిగియుండు పువ్వు. అగ్నిశిఖ యనియు, లాంగలి యనియు దాని పేర్లు. దుంపను చిలగడదుంపయో, పెండలమో యనుకొని తిన్నవారు వాంతులు, రక్తవిరేచనములతో మరణించుట కలదు. అందున్న కొల్చిసిన్ అను విషము ఉడికించినంత మాత్రమున పోదు. మొదట చెప్పిన అడవి ఉల్లియు గుండెపై పనిచేయు విషద్రవ్యమే. శాస్త్రమున వీనికి శోధనములు, మాత్రలు కలవు. అవి గృహవైద్యమునకు చేరినవి కావు. గురివింద గింజ నమిలిన ప్రాణాపాయము. పూసలని పిల్లల చేతికీయవద్దు.

ఎప్పుడు కోయవలెను, ఎక్కడ కోయరాదు

చరకుడు కల్పస్థానము మొదటి అధ్యాయమున ద్రవ్యసంగ్రహ కాలములు చెప్పెను. కొమ్మలు, ఆకులు వర్షర్తువునను వసంతమునను, వేళ్లు గ్రీష్మమున గాని, ఆకు రాలిన శిశిరమున గాని, బెరడు, కందము, పాలు శరత్తున, చేవ హేమంతమున, పువ్వులు, పండ్లు వాని వాని కాలమున. జీవరూపము తెలిసినవారికి ఈ నియమము బోధపడును. ఆకు రాలినప్పుడు మొక్క తన సారమును వేరునకు దింపుకొనియుండును, అందుచే వేరున వీర్యము హెచ్చు. ఈ నియమము ఔషధమునకును మేలు, ఏడాది మొక్కలకును మేలు. వాని గింజలు అప్పటికే రాలియుండును.

వినాయకచవితి పత్రి చూడుడు. ఇరువదియొక్క పత్రములలో దూర్వాయుగ్మము, విష్ణుక్రాంతము, అపామార్గము, అనగా గరిక, విష్ణుక్రాంతము, ఉత్తరేణి, మూడును గడ్డినేలవే. భాద్రపదము ఆకు కోయదగిన కాలమే. పూజకు కావలసినది ఆకు. నేడు అంగడిలో కట్టలుగా అమ్ముచున్నది వేళ్లతో పెరికిన మొక్క. ఇది ఏ వ్రతకల్పమునను లేదు.

అదే అధ్యాయమున చరకుడు ఓషధులు తీయరాని చోటులు చెప్పుచు శ్మశానము, చైత్యము, దేవయజన స్థానము, సభ, గుంట, తోట, పుట్ట, చవుడునేల అని లెక్కించెను. చైత్యమన పూజ్యవృక్షమనియు, స్తూపమనియు అర్థములు కలవు. రెండవ యర్థమున తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ మూడును నిషిద్ధస్థానములే. నేను ఆ వాక్యమును విద్యార్థిగా కంఠస్థము చేసియు, పత్రికకు వ్రాయునాడు మఱచితిని. రక్షిత స్థలమున గడ్డపారతో నేల త్రవ్వరాదను సంగతి వేరుగా చెప్పనక్కఱలేదు. విశాఖవాసులు దీనికి తోడు ఓడరేవు, కర్మాగారములు, రద్దీ రహదారుల ప్రక్కన పెరిగిన మొక్కలను కూడ చేర్చుకొనవలెను. ఖనిజపు ధూళి, బొగ్గుపొడి, వాహనముల పొగ పట్టిన ఆకు ఎంత కడిగినను ఔషధము కాదు.

చెట్లు నాటెదమనువారికి

వేసవిలో ఈ కొండను చూచి, "అయ్యో బీడైనది, చెట్లు నాటవలె" ననువారు పెక్కుమంది. ఒకమారు ఒక సంఘమువారు నన్ను కూడ మొక్కలు నాటుటకు పిలిచిరి. పోలేదు. వారికది అలుకగా తోచినది. చెట్టు గొప్పదే, కాని గడ్డినేల చెట్లు పోయిన అడవి కాదు, దాని తీరే అది. త్వరగా పెరుగునని సుబాబుల్‌ను, ఆస్ట్రేలియా తుమ్మను తెచ్చి నాటిన, ఆ నీడలో ముల్లుగడ్డియు, విష్ణుక్రాంతమును నిలువవు. ఖాళీ పడిన చోటికి వయ్యారిభామయు, లాంటానాయు వచ్చును. గీకిన నేలకును ఇదే గతి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు నగరమంతటను మహావృక్షములు వేళ్లతో కూలినవి. కొండలపై నున్నవి మోడులైనవి. నాడు చిగురు గాలిలో నిలుపుకొన్నవాని గతి అది. చిగురు నేలమట్టమున దాచుకొన్న గడ్డి కొన్ని వారములలో పచ్చబడినది.

ఇటుక కట్టడమునకు కూడ గడ్డి మిత్రము. పక్షులు రాల్చిన రావి, మఱ్ఱి గింజలు ఇటుక సందులలో మొలచి, వేళ్లు లావై గోడలను చీల్చును. వానిని లేతగా నున్నప్పుడే తొలగించుట పురావస్తుశాఖవారికి నిత్యకృత్యము. గడ్డివేళ్లు పలుచనివి, గట్టు మన్నును చాపవలె అల్లి పట్టుకొనును. 2019 అక్టోబరు వానలకు మహాస్తూపములో కొంత భాగము కూలినది. కారణములు అనేకములుండవచ్చును గాని, కొండమీది నీరు ఎంత బలముగా పారునో అది తెలుపుచున్నది. వాలున పడు వానబలమును తగ్గించునది మొదట గడ్డియే.

ఇంటిలో చేసికొనదగినది

గడ్డినేల మందులు కావలెనన్న కొండ ఎక్కనక్కఱలేదు. జ్వరమున దాహమునకు చరకుడు చెప్పిన షడంగపానీయము మంచిది. తుంగముస్త, పర్పాటకము, వట్టివేరు, చందనము, కురువేరు, శొంఠి సమభాగములు దంచి ఉంచుకొనవలెను. ఒక వంతు ద్రవ్యమునకు 64 వంతుల నీరు పోసి సగము మిగులునట్లు కాచవలెనని శార్ఙ్గధరుడు చెప్పెను. అనగా 10 గ్రాముల పొడికి 640 మిల్లీలీటర్ల నీరు, మిగులవలసినది 320. వడగట్టి చల్లార్చి కొంచెము కొంచెముగా ఇచ్చుచుండవలెను. ఇది దాహమును, తాపమును తీర్చునది. జ్వరకారణమును పోగొట్టునని భ్రమింపవద్దు. చలితో వచ్చు జ్వరమునకు గాని, మూడు దినములు దాటిన జ్వరమునకు గాని మలేరియా, డెంగీ పరీక్షలు తప్పవు. పసిపిల్లలకు, గర్భిణులకు వైద్యుని అడిగియే ఈయవలెను.

విష్ణుక్రాంతమును కుండీలో పెంచవచ్చును. జేనెడు లోతు గల వెడల్పు కుండీలో రెండు పాళ్లు ఎఱ్ఱమన్ను, ఒక పాలు ఇసుక కలిపి నింపుడు, ఎరువు వలదు. పెంచుచున్నవారినుండి ముదిరిన కాయలు తెచ్చి, అందలి చిన్నగింజలను తొలివానలకు ముందు చల్లి, పైన పలుచగా ఇసుక రాల్చుడు. ఎండ చక్కగా తగులవలెను. నీరు నిలిచిన కుళ్లిపోవును. వేసవిలో పైభాగము ఎండిన పారవేయక, వారమునకొకమారు కొంచెము తడి చూపుచుండుడు. కోయునప్పుడు మొదటికి రెండంగుళముల పైన కత్తెరతో కోయవలెను.

గోనెసంచి తెచ్చిన పాఠకునికి ఇదంతయు చెప్పి, మా పెరటిలోని గింజలు చిటికెడు ఇచ్చితిని. గడచిన చవితికి ఆయన తన కుండీలోనివి నాలుగు రెమ్మలు కోసి పత్రికి తెచ్చి నాకు చూపెను. దింటెన తెచ్చినాయన దానిని కంచెకు ప్రాకించి, పువ్వులు దేవునికి పెట్టుచున్నారట. వేరు మాత్రము ముట్టవద్దని మరల చెప్పితిని.